నక్కకు ఎక్కువ, తోడేలుకు తక్కువ

కుక్క అనుకున్నాను.

జనవరి నెల, పొద్దున్న ఏడయింది. షికాగోకు పడమటి పక్కనున్న నేపర్‌విల్‌లో మా అమ్మాయి వాళ్ళింటి వెనక ఒక చెరువుంది. చెరువంటే మనవైపు చెరువు కాదు. వాననీళ్ళు ఇళ్ళమీదికి రాకుండా కాలనీ కట్టినవాళ్ళే తవ్విపెట్టిన గుంట. గట్టు మీద ఎండిన రెల్లు, రెల్లు మీద మంచు. వంటింటి కిటికీ దగ్గర నిలబడి కాఫీ తాగుతుంటే రెల్లు పక్కన బూడిదరంగు కుక్క ఒకటి కనిపించింది. గడ్డకట్టిన నీళ్ళ వైపే చూస్తోంది. మెడకు పట్టీ లేదు, వెంట మనిషీ లేడు. ఆ దేశంలో మనిషి వెంట లేని కుక్క, కారు లేని మనిషి రెండూ వింతలే.

"పాపం, ఎవరి కుక్కో తప్పిపోయినట్టుంది" అన్నాను.

మా మనవరాలికి ఎనిమిదేళ్ళు. పాలగిన్నెలోంచి తలెత్తి ఒక్క చూపు చూసింది. "కుక్క కాదు తాతా, కయోటీ" అని మళ్ళీ గిన్నెలోకి తల దించేసింది. మన పల్లెల్లో పిల్లలు "అది ఆవు కాదు, ఎనుము" అంటారే, అంత మామూలుగా.

నేను అనంతపురం జిల్లా కల్యాణదుర్గం వైపు మెట్టపొలాల్లో గొర్రెల మందల మధ్య పెరిగినవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నక్క మీద సామెతలు చెప్పమంటే చేతివేళ్ళు చాలవు. నక్క తోక తొక్కాడంటాం, నక్క వినయమంటాం, నక్కకీ నాగలోకానికీ అంటాం. ఇన్ని చెప్పగలిగినవాణ్ణి, కళ్ళెదుట నక్క బంధువొకటి నిలబడితే కుక్క అన్నాను.

ఆ రోజంతా దానికి తెలుగులో పేరు వెతికాను. నక్క అందామంటే మన నక్క 8 నుంచి 11 కిలోలు తూగుతుంది. తోడేలు అందామంటే మన మెట్టల్లో తిరిగే తోడేలు 18 నుంచి 25 కిలోలు. అమెరికా తోడేలు దాన్ని మించింది, 40 కిలోలు అలవోకగా దాటుతుంది. షికాగో చుట్టుపక్కల కయోటీలు చాలావరకు 11 నుంచి 16 కిలోల మధ్యలో ఉంటాయి. అంటే నక్కకు ఎక్కువ, తోడేలుకు తక్కువ. మన నిఘంటువులో సరిగ్గా ఆ రెంటి నడుమ ఉన్న ఖాళీలో అది నిలబడి ఉంది.

అయితే ఈ తడబాటు నా ఒక్కడిదే కాదు. 1804లో లూయిస్, క్లార్క్ అనే అన్వేషకులు మిసోరీ నది వెంట పడమటికి పోతూ ఈ జంతువును చూసి మొదట నక్క జాతిలో ఏదో అనుకుని పొరబడ్డారు, తర్వాత మైదానపు తోడేలు అన్నారు. 1823లో థామస్ సే అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు దానికి కేనిస్ లేట్రాన్స్ అని పేరు పెట్టాడు. మొరిగే కుక్క అని అర్థం. ఒకసారి నక్క, ఒకసారి తోడేలు, ఒకసారి కుక్క. కొత్తదాన్ని చూసినప్పుడు ఎవరైనా ముందు తమ మూటలోని పాత పేరే తీస్తారు. ఆ నేల మీద దానితో కలిసి బతికినవాళ్ళకు మాత్రం ఈ ఇబ్బంది లేదు. మెక్సికోలోని నవాటిల్ భాషలో అది కొయోట్ల్. ఆ మాటే స్పానిష్ నోట నలిగి, ఇంగ్లీషులోకి వచ్చి కయోటీ అయింది. మెక్సికో నగరంలో కొయొఅకాన్ అనే పేట ఉంది. కయోటీలు ఉండే చోటు అని. మనకు నక్కపల్లి, నక్కలగుట్ట ఉన్నట్టే.

పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. పుట్టింది అయోవా పొలాల్లో. ఆయన నోట కయోటీ కాదు, "కైయోట్". పల్లెల్లో అలాగే అంటారట. మనవరాలిది పట్నం ఉచ్చారణ, ఆయనది పల్లె ఉచ్చారణ. మంచు తవ్వే పారలు పట్టుకుని ఇద్దరం వాకిట్లో నిలబడ్డప్పుడు నా కుక్క కథ చెప్పాను. ఆయన నవ్వలేదు. "ముందు తోక చూడు" అన్నాడు.

నాకు అక్షరాభ్యాసం అలా మొదలైంది.

కయోటీ తోక గుబురుగా ఉంటుంది, చివర నల్లగా ఉంటుంది. నడిచినా పరుగెత్తినా ఆ తోక కిందికే వేలాడుతుంది. కుక్క పరుగెత్తేటప్పుడు తోక పైకి లేపుతుంది. తోడేలు వీపుకు సమంగా చాస్తుంది. ఆ ఊళ్ళో ఎర్రనక్కలు కూడా ఉన్నాయి, వాటి తోక చివర తెల్లగా ఉంటుంది, కాళ్ళు నల్లమేజోళ్ళు తొడిగినట్టుంటాయి. ఒక్క తోకతో నాలుగు జంతువులు విడిపోయాయి. నక్క తోక తొక్కడం గురించి ముప్పై నాలుగేళ్ళు వాక్యప్రయోగాలు రాయించాను గాని, ఆ తోక ఎలా ఉంటుందని ఏ పిల్లవాడినీ అడగలేదు. ఎవరూ నన్నూ అడగలేదు.

ఇంకో తప్పు కూడా అప్పుడే తెలిసొచ్చింది. అందని ద్రాక్షల కథలోనిదీ నక్కే, పంచతంత్రంలో సింహం కొలువులో మంత్రాంగం నడిపే కరటక దమనకులూ నక్కలే. నిజానికి అవి రెండు వేరే జంతువులు. ద్రాక్షతోట కథ గ్రీసు నుంచి వచ్చింది, అందులోనిది మన గుంటనక్క వంశానికి చెందినది. దమనకుడు మన ఊరి పొలిమేరలో ఊళ వేసే నక్క. రెంటికీ ఒకే పేరు తగిలించి ఒకే గూట్లో పెట్టాం. పాఠం చెప్పిన నేనూ ఆ గూడు తెరిచి చూడలేదు.

తోక తర్వాత మొహం. కయోటీ మూతి సన్నగా కోసుగా ఉంటుంది. చెవులు మొహానికి పెద్దవి, నిటారుగా నిలబడతాయి. తోడేలు మూతి వెడల్పు, చెవులు చిన్నవి, కొస గుండ్రం. దూరం నుంచి జర్మన్ షెపర్డ్ కుక్క కయోటీలాగే అనిపిస్తుంది గాని దాని ఛాతీ వెడల్పు, కాళ్ళు మొద్దు. కయోటీ ఛాతీ ఇరుకు, కాళ్ళు పుల్లల్లాంటివి. ఒంటి మీద బూడిద, గోధుమ, నలుపు కలిసిపోయి ఉంటాయి. చెవుల వెనకా కాళ్ళ మీదా ఎర్రమట్టి అద్దినట్టు రంగు తేలుతుంది. కళ్ళు పసుపుపచ్చ.

చలికాలంలో మాత్రం కళ్ళను నమ్మకూడదు. ఒత్తుగా పెరిగిన బొచ్చులో 15 కిలోల కయోటీ పాతిక కిలోల దానిలా కనిపిస్తుంది. ఆ నెలలో కాలనీవాళ్ళలో తోడేలును చూశామన్నవాళ్ళు ఇద్దరున్నారు. ఇల్లినాయ్‌లో తోడేళ్ళు కాపురం ఉండవు. ఉత్తరాన విస్కాన్సిన్ నుంచి దారితప్పి ఎప్పుడో ఒకటి వస్తుంది. వాళ్ళు చూసింది బొచ్చును. నేను వాళ్ళను తప్పుపట్టను. మూడు స్వెటర్లు, ఒక కోటు, తలకు మఫ్లరు చుట్టుకుని మా ఆవిడ ఎదురొస్తే నేనే పక్కకు తప్పుకుని దారిచ్చాను.

గజ్జి పట్టి బొచ్చంతా ఊడిపోయిన కయోటీ సంగతి దీనికి తలకిందులు. బూడిదరంగు చర్మం, ఎలుక తోక, ముడతల మొహం. 1995లో ప్యూర్టోరికోలో చుపకబ్రా అనే మేకల రక్తం పీల్చే పిశాచం కథ పుట్టింది. ఆ తర్వాత టెక్సాస్‌లో అది దొరికిందని జనం పట్టితెచ్చిన కళేబరాలను పరీక్షిస్తే గజ్జి కయోటీలని తేలింది. ఒంటి మీద బొచ్చు ఎక్కువైతే తోడేలు, పోతే పిశాచం. ఆ జంతువు ఏ వేషంలోనూ తనలా కనిపించకపోవడంలో దాని తప్పేమీ లేదు.

మంచు కురిసిన మర్నాడు పెద్దాయన నన్ను స్ప్రింగ్‌బ్రూక్ ప్రెయిరీకి తీసుకుపోయాడు. 1800 ఎకరాలకు పైబడిన గడ్డిమైదానం అది, చుట్టూ ఇళ్ళు, బళ్ళు, అంగళ్ళు. డ్యూపేజ్ కౌంటీ అటవీ సంరక్షణ సంస్థది. బడిపంతులుకు మంచు పలకలా కనిపిస్తుంది. రాత్రి ఎవరెవరు ఏమేం రాశారో పొద్దున్నే చదువుకోవచ్చు. కుందేలు రాసిందొకటి, జింక రాసిందొకటి. ఒకచోట ఆయన ఆగి చేతికర్రతో చూపించాడు. కోడిగుడ్డు ఆకారంలో, రెండున్నర అంగుళాల పొడవున అడుగు. వెడల్పు తక్కువ, వేళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నాయి. గోళ్ళలో ముందున్న రెండింటి గుర్తులే, సన్నటి సూదిమొనల్లా పడ్డాయి. పక్కనే ఒక పెంపుడు కుక్క అడుగులున్నాయి. గుండ్రంగా, వేళ్ళు విచ్చుకుని, అన్ని గోళ్ళూ మొద్దుగా దిగాయి.

ఆయన ఇంకా ఏదో చెప్పబోతుంటే నేనే అందుకున్నాను. కుక్క అడుగులు పొదదాకా పోయి, వెనక్కి తిరిగి, పక్కకు దూకి, గుండ్రంగా తిరిగి సగం మైదానం తొక్కేశాయి. కయోటీ అడుగులు ముగ్గు గీతలా తిన్నగా పోయాయి. ముందుకాలు వేసిన గుంటలోనే వెనకకాలు దిగింది, నాలుగుకాళ్ళ జంతువు రెండుకాళ్ళతో నడిచినట్టు.

ఈ పాఠం నేను అరవై ఏళ్ళ కిందట విన్నాను. మా జేజినాయనకు నూట ఇరవై గొర్రెలుండేవి. ఎండాకాలం పొలాల్లో మంద వేసేవాడు. తెల్లారి తడి ఇసుకలో అడుగులు కనిపిస్తే వంగి చూసి, "కుక్క యాడికి పోతాందో దానికే తెల్దురా. తోడేలు యాడికి పోవల్లో తెలిసి పోతాది. దావ చూడు, అడుగు చూడాకు" అనేవాడు. అడవి జంతువుకు ఒక్క అడుగు కూడా ఖర్చే. తిండి దొరికే నమ్మకం లేనిది గంతులేయదు. పూట పూటకూ గిన్నెలో తిండి పడే కుక్కకే మంచులో ఆడుకునే తీరిక. ఆ మాట అయోవాలో పుట్టిన పెద్దాయనకు నా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కాసేపు ఆ అడుగుల వైపే చూసి, మా జేజినాయన పేరు అడిగాడు.

కాలిబాట నడిమధ్యన, అందరికీ కనిపించేలా పెంట వదలడం కయోటీల పద్ధతి. అది వాటి సరిహద్దు రాయి. తాడులా మెలికపడి, అందులో వెంట్రుకలు, ఎముకముక్కలు, కాలాన్నిబట్టి పండ్ల గింజలు ఉంటాయి. షికాగో ప్రాంతంలో ఇలాంటివి 1,429 ఏరి, విప్పి, లెక్కగట్టినవాళ్ళున్నారు. 42 శాతంలో ఎలుకల జాతి ఆనవాళ్ళు, 23 శాతంలో పండ్లు, 22 శాతంలో జింక, 18 శాతంలో కుందేలు కనిపించాయి. మనుషుల తిండి జాడ 2 శాతంలోనే, పిల్లి ఆనవాళ్ళు 1 శాతంలో. ఊరంతా అది చెత్తకుండీల మీదా పెంపుడు పిల్లుల మీదా బతుకుతోందని అనుకుంటుంటే, అది ఎలుకలు పట్టుకుంటోంది. ఊరి పని చేసి ఊరితో తిట్లు తినడం మన దగ్గరా కొత్త కాదు.

ఆ లెక్కలు ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టాన్లీ గెర్ట్ బృందానివి. 2000లో షికాగో ఉన్న కుక్ కౌంటీలో మొదలైన పరిశోధన అది. వెయ్యికి పైగా కయోటీలను పట్టి, గుర్తులు వేసి, కొన్నిటి మెడకు రేడియో పట్టీలు కట్టి వదిలారు. గుంపులో ఉన్న కయోటీ సగటున రెండు చదరపు మైళ్ళ లోపలే సంసారం చేస్తుందని, ఒంటరిది పది చదరపు మైళ్ళు తిరుగుతుందని తేలింది. రోడ్డు దాటడం నేర్చుకున్నాయి, అయినా ఎక్కువ చావులు బండ్ల కిందే. ఒక జంట నగరం నడిబొడ్డున, సోల్జర్ ఫీల్డ్ స్టేడియం దగ్గరి పార్కింగ్ కట్టడం పైఅంతస్తులో పిల్లల్ని పెంచింది. 2012లో అచ్చయిన ఇంకో అధ్యయనంలో 236 కయోటీల డీఎన్ఏ చూశారు. జంటకట్టినవాటిలో ఒక్కటీ జంట తప్పలేదు. ఈ సంగతి మా ఆవిడకు చదివి వినిపిస్తే, "ఆ పరీక్షేదో మనుషులకు చెయ్యమనండి, బాగుపడతారు" అంది.

ఆవిడ పేరెత్తాక మా ఇంటి గొడవ చెప్పకుండా ఉండలేను. అన్నం చెత్తబుట్టలో వెయ్యడం మా ఆవిడకు చేతకాదు. మిగిలిన అన్నం, చపాతీముక్కలు, ఆదివారమైతే మటన్ ఎముకలు కూడా పళ్ళెంలో పెట్టి పెరటి గట్టు మీద ఉంచేది. కాకులకు, ఉడతలకు అని. ఉడతల వెంట ఎలుకలు వచ్చాయి, కుందేళ్ళు వచ్చాయి. వాటి వెంట వచ్చేది రాక మానదు కదా. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం తలుపు తీస్తే పది గజాల్లో అది నిలబడి ఉంది. పళ్ళెం వాసన చూస్తోంది. మా అల్లుడు లోపల్నుంచి, "మామయ్యా, కదలకండి, వెనక్కి రండి" అని రెండూ ఒకేసారి అన్నాడు.

పెద్దాయన ముందే చెప్పి ఉన్నాడు: పరుగెత్తకు, వీపు చూపకు, చేతులు పైకెత్తి పెద్దమనిషివి అనిపించుకో, గట్టిగా కేకెయ్యి. చేతికి గిన్నె, గరిట దొరికాయి. మా జేజినాయన రాత్రిళ్ళు మంద చుట్టూ తిరుగుతూ వేసే కేక నోటికొచ్చింది. "హో... హోయ్... హొహొహో..." గిన్నె మోగించాను. కయోటీ తలెత్తి నా వైపు చూసింది. ఆ పసుపు కళ్ళలో భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది. ఇల్లినాయ్‌లో పుట్టిన ఆ జంతువు కల్యాణదుర్గం కేక వినడం అదే మొదటిసారి అయ్యుంటుంది. తోక దించుకుని, తొందరేమీ లేకుండా, ముగ్గు గీతలా తిన్నగా రెల్లులోకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మా ఆవిడకు చెప్పడం కయోటీని తోలడం కంటే కష్టమైంది. "నోరులేని జీవికి పిడికెడు అన్నం పెడితే పాపమా?" అంది. పాపమే. తిండి పెట్టిన చోట దానికి మనిషంటే బెదురు పోతుంది. బెదురు పోయినది గుమ్మందాకా వస్తుంది, చిన్నకుక్కను నోట కరుచుకుంటుంది, పిల్లలను చూసి కదలదు. అప్పుడు ఊరివాళ్ళు ఫోను చేస్తారు, దాన్ని చంపేస్తారు. మనిషిని కయోటీ చంపిన సంఘటనలు నమోదైనవి రెండే: 1981లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ఒక పసిపిల్ల, 2009లో కెనడాలోని కేప్ బ్రెటన్‌లో ఒక యువ గాయని. రెండైనా ఆ ఇళ్ళకు అవి లెక్కలు కావు. అందుకే దూరం ఉంచడం వాటికీ మంచిది, మనకూ మంచిది. మర్నాటి నుంచి పళ్ళెం బయటికి పోలేదు. "మీ కేకకు భయపడి కాదు, దాని ప్రాణం కోసం" అని మా ఆవిడ స్పష్టం చేసింది.

ఫిబ్రవరి వాటి జతకట్టే కాలం. రాత్రి పన్నెండప్పుడు ఊళ మొదలయ్యేది. సన్నగా ఒకటి ఎత్తుకుంటుంది, ఇంకొకటి అందుకుంటుంది, ఆపైన మొరుగు, కూత, కీచు, అన్నీ కలిసిపోయి ఇరవై జంతువులు ఇంటిని చుట్టుముట్టినట్టుంటుంది. నిజానికి రెండే. ఒక్కో గొంతు క్షణక్షణం స్వరం మార్చడం వల్ల వినేవాళ్ళకు లెక్క తప్పుతుంది. మా అమ్మాయి బాలింత, పక్కలో నెల బిడ్డ. ఉలిక్కిపడి లేచేది. నేను మాత్రం చాలా ఏళ్ళ తర్వాత ఆ రాత్రులు హాయిగా నిద్రపోయాను. జామురాత్రి నక్కల కూత వింటూ నిద్రపోయిన పిల్లవాడు నాలో ఇంకా ఉన్నట్టున్నాడు.

ఏప్రిల్ చివర మంచు పోయి గడ్డి లేచింది. ఒకరోజు ఒక్కణ్ణే ప్రెయిరీలో నడుస్తున్నాను. వెనక ఏదో ఉన్నట్టనిపించి తిరిగి చూశాను. నలభై గజాల్లో కయోటీ. నేను ఆగితే ఆగింది, నడిస్తే నడిచింది. ఈసారి గిన్నె లేదు, గరిట లేదు. కేక కూడా గొంతులోనే ఉండిపోయింది. దాని వైపే మొహం పెట్టి మెల్లగా వెనక్కి నడిచాను. బాట మలుపు దాకా వచ్చి అది ఆగిపోయింది. నేను వెళ్ళేదాకా చూసి, తిరిగి గడ్డిలోకి పోయింది.

పెద్దాయనకు చెబితే నవ్వాడు. "పిల్లలు పెట్టే కాలం. బొరియ దగ్గర్లోనే ఉండుంటుంది. నిన్ను వాళ్ళ వీధి చివరిదాకా దిగబెట్టింది, అంతే" అన్నాడు. మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది: సాగనంపడం. అది నన్ను వేటాడుతోందని నేను భయపడ్డాను. అది నన్ను సాగనంపుతోంది.

గుర్తుపట్టడమంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది. తోక, చెవి, అడుగు చూసి పేరు చెప్పడం మొదటి మెట్టు మాత్రమే. అది ఆ క్షణాన ఏం చేస్తోందో చదవగలగడం రెండో మెట్టు. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినవాడు తుపాకీ తీస్తాడు. ఆ దేశమూ చాలాకాలం ఆ మెట్టు మీదే నిలబడింది. 1931లో చట్టం చేసి, ప్రభుత్వమే జీతాలిచ్చి వేటగాళ్ళను పెట్టింది. లక్షల కయోటీలకు విషం పెట్టారు. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో ఆ విషాలను ఆపించాడు. అంత చంపినా, పడమటి మైదానాల్లో, ఎడారుల్లో ఉండే జంతువు హవాయి తప్ప ప్రతి రాష్ట్రానికీ, కింద పనామా దాకా పాకింది. తోడేళ్ళను తుడిచిపెట్టి ఖాళీచేసిన అడవుల్లోకి అది నడుచుకుంటూ వెళ్ళింది. తూర్పు రాష్ట్రాలకు పోయినవి దారిలో తోడేళ్ళతో, కుక్కలతో కలిసి కాస్త పెద్దవయ్యాయి. వాటిలో ఏ పాలు కయోటీయో, ఏ పాలు తోడేలో చెప్పడానికి ప్రయోగశాల కావాలి.

రెండు జంతువులను ఒకే గూట్లో పెట్టే తప్పు శాస్త్రజ్ఞులకూ తప్పలేదు. ఆఫ్రికాలో తిరిగే ఒక జంతువును మన నక్క జాతేనని ఎన్నో ఏళ్ళు పుస్తకాల్లో రాశారు. 2015లో జన్యువులు చూస్తే అది వేరే జాతి, తోడేలుకూ కయోటీకీ దగ్గరి చుట్టం. చూపుకు ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకటే అనుకున్నందుకు వాళ్ళు పేరు దిద్దుకున్నారు. వాళ్ళ పుస్తకంలో దిద్దుబాటుకు చోటుంది, మన సామెతల్లో లేదు. మన సామెతలో నక్క ఎప్పటికీ జిత్తులమారే.

మే నెలలో ఇంటికొచ్చాం. ఊళ్ళో నేను పనిచేసిన బడికి వెళ్ళి, ఏడో తరగతి పిల్లలకు ఫోన్లో కయోటీ ఫొటో చూపించాను. కుక్క అన్నారు. నాకు కాస్త ధైర్యం వచ్చింది. "సరే, నక్క ఎలా ఉంటుంది?" అని అడిగాను. జిత్తులమారిది సార్ అన్నారు. మోసం చేస్తుంది సార్ అన్నారు. "ఎంతుంటుంది? ఏ రంగు? తోక ఎలా ఉంటుంది?" ముప్పై ఒక్కమందిలో ఒక్కరూ చెప్పలేదు. జాతరలో నక్క కొమ్ము అమ్ముతారని, దాన్ని ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందని ఒకడు చెప్పాడు. నక్కకు కొమ్ముండదని చెబితే నమ్మలేదు. పుట్టి పెరిగిన ఊళ్ళో నక్క అలా కొమ్ముగా, సామెతగా మిగిలింది. నేపర్‌విల్‌లో ఎనిమిదేళ్ళ పిల్ల పాలగిన్నె మీంచి ఒక్క చూపుతో జంతువును గుర్తుపట్టింది. ఆ పిల్లకు సామెత ఒక్కటీ రాదు, రోజూ కిటికీలోంచి చూస్తుంది, అంతే.

మర్నాడు తెల్లవారుజామున చెరువు గట్టుకు వెళ్ళాను. గొర్రెలు కాసే ఒకాయన ఎదురైతే, నక్కలింకా ఉన్నాయా అని అడిగాను. "యాడికి పోతాయి సార్, రేత్రిళ్ళు తిరుగుతానే ఉంటాయి. సూసేవోళ్ళు ల్యాకపోతే ఉన్నట్టా ల్యానట్టా?" అన్నాడు. చెరువులో నీళ్ళు అడుగంటి, అంచున బురద నెర్రెలివ్వకుండా ఇంకా మెత్తగా ఉంది. అందులో అడుగులున్నాయి. కోలగా, చిన్నగా, ముగ్గు గీతలా తిన్నగా తుమ్మల దాకా పోయాయి.

పొద్దున్నే మీ ఊరి పొలిమేరలోనో, రింగురోడ్డు పక్క ఖాళీ స్థలంలోనో కుక్కలాంటిది ఏదైనా కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. రాయి తీయకండి, ఫోనూ తీయకండి. ముందు తోక చూడండి.